పొలిమేర మూసినా పొరుగు పొరుగే



'పొలిమేర' అనే మాట మన తాతల నోట తరచుగా వినిపించేది. గత్తర వచ్చినా, మశూచి వచ్చినా మొదట కాపలా పెట్టేది పొలిమేర దగ్గరే. పై ఊరివారిని లోపలికి రానిచ్చేవారు కారు, లోపలివారిని బయటికి పోనిచ్చేవారు కారు. సరైన మందులు అందని కాలంలో వారికి తోచిన ఉపాయం అది. అందులో కొంత తెలివి ఉంది, కొంత భయమూ ఉంది. ఏది ఎంత అన్నది తూచి చూసే తీరిక వారికి లేదు.

2020లో ప్రపంచమంతా మళ్లీ అదే పని చేసింది. ఆ ఏడు మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్-19ను మహమ్మారిగా ప్రకటించింది. రెండు వారాలు గడిచేసరికి దేశాలు సరిహద్దులు మూశాయి. రాష్ట్రాలు చెక్‌పోస్టులు మూశాయి. మన పల్లెలవారు రోడ్డుకు అడ్డంగా ముళ్లకంపలు వేశారు. 2023 మే 5న అత్యవసర పరిస్థితి ముగిసిందని అదే సంస్థ చెప్పింది. ఆ రోజులను మరచిపోవాలని మనందరికీ ఉంది. కానీ పరీక్ష అయిపోయిందని పుస్తకం మూసేస్తే చదువు రాదు. మనసు నెమ్మదిగా ఉన్న ఈ సమయంలోనే ఆ పాఠాన్ని మరొకసారి చదువుకోవాలి. ఇంకో మహమ్మారి వచ్చినప్పుడు ఆలోచించుకునే తీరిక మనకు దొరకదు.

కాబట్టి ఈ వారం మన ఇరుగుపొరుగు దేశాలైన భూటాన్, నేపాల్, శ్రీలంక, బంగ్లాదేశ్ ఆ గండాన్ని ఎలా ఎదుర్కొన్నాయో చూద్దాం. ఆపైన మన సొంత పొలిమేరకు వద్దాం.

వివేకమా, భయమా?

వివేకమూ భయమూ పైకి కవల పిల్లల్లా కనిపిస్తాయి. రెండూ తలుపు వేస్తాయి, రెండూ 'జాగ్రత్త' అంటాయి. అందుకే మనం తరచుగా ఒకదానిని చూసి మరొకటి అనుకుంటాం. పునీత తోమాస్ అక్వీనాస్ గారు మూల సుగుణాలలో వివేకాన్ని మొదటిదిగా ఉంచారు. ఆయన చెప్పిన వివేకం వెనుకంజ వేసే గుణం కాదు. చేయవలసిన పనిని సరైన హేతువుతో నడిపించే గుణం. భయానికి హేతువుతో పని లేదు, దానికి పుకారు చాలు.

ఈ రెండింటినీ వేరు చేసి చూడడానికి మూడు ప్రశ్నలు వేసుకుందాం. మొదటిది, ఎందుకు మూస్తున్నాం? ఆ కారణానికి రుజువు ఉందా? రెండవది, ఎంతకాలం మూస్తాం? కారణం తీరాక తెరుస్తామా? మూడవది, తలుపు వేసేసరికి అవతల ఎవరు మిగిలిపోయారు? వారి తిండి, వారి మందు, వారి అంత్యక్రియలు ఎవరు చూస్తారు? ఈ మూడింటికీ జవాబు చెప్పగలిగితే అది వివేకం. చెప్పలేకపోతే అది భయమేనని అనుమానించాలి.

భూటాన్: మూసిన తలుపు వెనుక ముందుచూపు

భూటాన్ చిన్న దేశం. విజయవాడ నగరంలో ఉన్నంత జనం కూడా అక్కడ లేరు. మహమ్మారి వచ్చేనాటికి ఆ దేశం మొత్తానికి ఉన్న డాక్టర్లు మూడు వందల పైచిలుకు మాత్రమే. రోగం ఒకసారి ఊళ్లలో పాకితే ఆపగల శక్తి తమకు లేదని వారికి ముందే తెలుసు. 2020 మార్చి మొదటి వారంలో ఒక విదేశీ యాత్రికునిలో తొలి కేసు బయటపడింది. అదే నెల 23న సరిహద్దులు మూశారు.

ఇంతవరకు అందరూ చేసిన పనే. తేడా ఆ తరువాత కనిపిస్తుంది. బయటి దేశాల నుండి తిరిగి వచ్చిన తమవారిని రావద్దనలేదు. 21 రోజులు వేరుగా ఉంచి, ఆ ఖర్చును ప్రభుత్వమే భరించింది. యాత్రికుల రాక నిలిచిపోయి జీవనాధారం కోల్పోయినవారికి రాజుగారి సహాయనిధి నుండి నెలనెలా డబ్బు అందింది. అప్పులు తీసుకున్నవారికి వడ్డీలో ఊరట కల్పించారు. నారింజ రంగు దుస్తులు ధరించే 'దేసూప్' స్వచ్ఛంద సేవకులు వేలాదిగా ముందుకు వచ్చారు. రాజుగారు స్వయంగా దక్షిణ సరిహద్దు ప్రాంతాలలో తిరిగి కాపలా ఏర్పాట్లు చూసుకున్నారు. అప్పటి ప్రధానమంత్రి లోటే షెరింగ్ గారు వృత్తిరీత్యా శస్త్రచికిత్స చేసే వైద్యులు.

ఫలితం ఏమిటి? ఆ దేశంలో కోవిడ్‌తో తొలి మరణం 2021 జనవరిలో గాని సంభవించలేదు. మహమ్మారి కాలమంతటిలో నమోదైన మరణాలు 21.

ఇక టీకాల సంగతి. మన దేశం 2021 జనవరి 20న ఒకటిన్నర లక్షల డోసులు, మార్చిలో మరో 4 లక్షల డోసులు భూటాన్‌కు ఉచితంగా పంపింది. భూటాన్ మొదటి విడత రాగానే తొందరపడలేదు. బౌద్ధ పెద్దలు ఆ నెల మంచిది కాదన్నారు. అందరికీ సరిపడా డోసులు చేరేదాకా ఆగాలని ప్రభుత్వమూ అనుకుంది. మార్చి 27న మొదలుపెట్టి, సుమారు రెండు వారాలలో అర్హులైన పెద్దలలో 90 శాతానికి పైగా జనానికి మొదటి టీకా వేసేశారు. కొండదారుల్లో, నడిచి తప్ప పోలేని ఊళ్లకు సైతం టీకా చేరింది. పెద్దల మాటను గౌరవించారు, వైద్యుల మాటనూ పాటించారు. ఒకదానితో మరొకదానికి పోరు పెట్టలేదు.

అయితే భూటాన్‌ను ఆకాశానికి ఎత్తితే అది పాఠం కాదు. ఫుంట్‌షోలింగ్ అనే భూటాన్ పట్టణానికీ, మన పశ్చిమ బెంగాల్‌లోని జయగావ్‌కూ మధ్య ఉన్నది ఒక్క గేటు. రెండు వైపులా ఒకే బజారుగా బతికిన ఊళ్లవి. ఆ గేటు 2022 సెప్టెంబరు 23న గాని తిరిగి తెరుచుకోలేదు. రెండున్నర సంవత్సరాలు! భూటాన్ తన ప్రజలను చూసుకుంది. మరి ఆ గేటును నమ్ముకుని బతికిన జయగావ్ చిరువ్యాపారిని, కూలివాణ్ణి ఎవరు చూసుకున్నారు? బాగా నడిపిన దేశం దగ్గర కూడా మన మూడవ ప్రశ్న మిగిలే ఉంటుంది.

నేపాల్: సొంత ఇంటి గడప దాటలేక

భూటాన్ గేటుకు అవతల మిగిలినవారు పరాయి దేశస్థులు. నేపాల్‌లో సొంత బిడ్డలే బయట మిగిలిపోయారు. మనకూ నేపాల్‌కూ మధ్య ఉన్నది తెరిచిన సరిహద్దు. పొడవు 1,700 కిలోమీటర్లకు పైనే. అటువారు ఇటు వచ్చి పని చేస్తారు, ఇటువారు అటు పిల్లనిస్తారు. ఆ బంధాన్ని అక్కడివారు 'రోటీ-బేటీ' అంటారు. అంటే కంచం పొత్తు, మంచం పొత్తు ఉన్న చుట్టరికం.

2020 మార్చి చివరి వారంలో రెండు దేశాలూ లాక్‌డౌన్ పెట్టాయి. మన దేశంలో పనులు ఆగిపోయి ఇంటిదారి పట్టిన నేపాలీ కూలీలు సరిహద్దుల దగ్గర చిక్కుబడిపోయారు. ఉత్తరాఖండ్‌లోని ధార్చులా దగ్గర మహాకాళి నది మీద తాళ్ల వంతెన ఉంది. నదికి ఇటువైపు ఊరి పేరూ, అటువైపు ఊరి పేరూ దాదాపు ఒకటే. ఆ వంతెన మూసేశారు. కళ్లెదుట సొంత దేశం, మధ్యలో మంచునీటి నది. ఓపిక నశించిన కొందరు నదిలోకి దూకి ఈదుకుంటూ అవతలి ఒడ్డుకు చేరారు. ఈ మాట చదివినప్పుడు మనసు ఒక క్షణం ఆగిపోవాలి. రోగం కంటే నది నయమనిపించిందంటే ఆ మనిషి ఎంత నిస్సహాయుడై ఉండాలి!

వంతెన మూయడానికి కారణం లేదనలేము. వంతెన మూసేముందు వచ్చేవారికి గూడు, కూడు, పరీక్ష ఏర్పాటు చేయకపోవడమే తప్పు. ఏర్పాటు లేకుండా తలుపు వేస్తే రోగం ఆగదు, దొడ్డిదారి వెతుక్కుంటుంది.

మరుసటి ఏడు రెండవ అల వచ్చింది. 2021 మే నెలలో నేపాల్ ఆసుపత్రులలో ఆక్సిజన్ కరువైంది, సిలిండర్లకూ కరువైంది. అప్పుడు నేపాల్ పర్వతారోహణ సంఘం కొండలెక్కడానికి వచ్చినవారికి ఒక విన్నపం చేసింది. వాడేసిన ఖాళీ సిలిండర్లను కొండల మీద వదలకుండా కిందికి తెచ్చివ్వండి, వాటిని నింపి రోగులకు వాడుకుంటాం అన్నది. లోకంలోకెల్లా ఎత్తయిన శిఖరాన్ని ఎక్కడానికి వాడిన డబ్బా, మంచం మీద ఊపిరి కోసం పోరాడే మనిషికి పనికివచ్చింది. లేనివాడు ఉన్నదానితోనే దారి వెతుక్కుంటాడనడానికి ఇంతకంటే ఉదాహరణ ఏం కావాలి?

పంచిన చేయి, ఆగిన చేయి, తిరిగి చాపిన చేయి

ఇక్కడ మన దేశం గురించి కూడా నిజాయితీగా మాట్లాడుకోవాలి. 2021 జనవరిలో మన దేశం పొరుగువారికి టీకాలు పంచింది. బంగ్లాదేశ్‌కు 20 లక్షలు, నేపాల్‌కు 10 లక్షలు, శ్రీలంకకు 5 లక్షలు, మాల్దీవులకు ఒక లక్ష డోసులు కానుకగా వెళ్లాయి. అది గర్వించదగిన పని.

మార్చి, ఏప్రిల్ నెలలకు మన ఇంట్లోనే మంటలు లేచాయి. ఏప్రిల్ చివరికి రోజుకు 4 లక్షల కొత్త కేసులు నమోదయ్యాయి. టీకాల ఎగుమతి ఆగిపోయింది. నేపాల్‌లో మొదటి డోసు వేసుకున్న లక్షలాది వృద్ధులు రెండవ డోసు కోసం నెలల తరబడి ఎదురుచూశారు. భూటాన్‌లోనూ అంతే. చివరకు అమెరికా ఇచ్చిన 5 లక్షల డోసులు, డెన్మార్క్ వంటి దేశాలు పంపినవి కలిపి 2021 జూలైలో భూటాన్ రెండవ విడత పూర్తి చేసుకుంది. మన ఎగుమతులు అక్టోబరులో గాని మళ్లీ మొదలు కాలేదు.

తన బిడ్డ ఆకలితో ఏడుస్తుంటే పక్కింటికి అన్నం పంపని తల్లిని ఎవరూ తప్పుపట్టరు. కానీ పక్కింటి ముసలమ్మకు సగం వైద్యం మనమే మొదలుపెట్టి ఉంటే, మిగతా సగం మాటేమిటని ఆలోచించే బాధ్యత మనదే. ఆ రోజుల్లో ఈ ప్రశ్న అంత సులభమైనది కాదు. సులభం కాదని దాన్ని అడగకుండా ఉండకూడదు.

అయితే ఆ కష్టకాలంలోనే మరొకటి జరిగింది. ఏప్రిల్ నెలలో, మనకు ఆక్సిజన్ లేక జనం చనిపోతున్న రోజుల్లో, భూటాన్ తన సరిహద్దులోని సంద్రుప్ జోంఖార్ నుండి రోజుకు 40 టన్నుల ద్రవ ఆక్సిజన్ అస్సాంకు పంపుతామన్నది. మే 6న బంగ్లాదేశ్ 10,000 రెమ్‌డెసివిర్ ఇంజెక్షన్లను పెట్రాపోల్ సరిహద్దు దగ్గర మనకు అందించింది. జనవరిలో మన నుండి పుచ్చుకున్న చేతులే మే నాటికి మనకు ఇచ్చాయి. పెద్దవాడు ఎప్పుడూ ఇచ్చేవాడనీ, చిన్నవాడు ఎప్పుడూ పుచ్చుకునేవాడనీ అనుకోవడం పొరపాటు. మహమ్మారి ముందు ఎవరి వంతు ఎప్పుడు వస్తుందో తెలియదు.

బంగ్లాదేశ్: గడప దగ్గరకు వెళ్లిన మనుషులు

ఇంజెక్షన్లు పంపిన ఆ బంగ్లాదేశ్‌ పల్లెల్లోనే మనకు ఉపయోగపడే మరొక పాఠం ఉంది. మాస్కు పెట్టుకోండని అన్ని ప్రభుత్వాలూ చాటింపు వేశాయి. జనం పెట్టుకున్నారా? 2020 నవంబరు నుండి 2021 ఏప్రిల్ వరకు బంగ్లాదేశ్‌లో 600 పల్లెల్లో, 3 లక్షలకు పైగా పెద్దల మీద పరిశోధకులు ఒక అధ్యయనం చేశారు. కొన్ని ఊళ్లలో ఉచితంగా మాస్కులు పంచారు, ఎందుకు పెట్టుకోవాలో చెప్పారు, మసీదులలోనూ సంతలలోనూ పెద్దలచేత పెట్టించి చూపించారు. మాస్కు లేకుండా బజారులో కనబడినవారికి మనిషే ఎదురుగా వచ్చి మర్యాదగా గుర్తుచేశాడు.

ఏమీ చేయని ఊళ్లలో సరిగా మాస్కు పెట్టుకున్నవారు నూటికి 13 మంది. ఇలా చేసిన ఊళ్లలో నూటికి 42 మంది. సర్జికల్ మాస్కులు పంచిన ఊళ్లలో, లక్షణాలతో కూడిన కోవిడ్ 11 శాతం తగ్గింది. 60 ఏళ్లు దాటినవారిలో 35 శాతం తగ్గింది. ఫోనుకు పంపిన సందేశాలు మాత్రం అదనంగా ఏమీ ఒరగబెట్టలేదు. ఎదురుగా నిలబడి చెప్పిన మనిషి మాటే పనిచేసింది.

దండోరా ఒకటి, ఇంటిగడప దగ్గర పలకరింపు ఒకటి. మన ఉపదేశులకు, మఠకన్యలకు, ఆశా కార్యకర్తలకు ఈ సంగతి ఏనాడో తెలుసు.

శ్రీలంక: చనిపోయినవారి హక్కు

ఇప్పుడు అన్నింటికంటే బాధాకరమైన పాఠం. 2020 ఏప్రిల్‌లో శ్రీలంక ప్రభుత్వం కోవిడ్‌తో చనిపోయినవారందరినీ తప్పనిసరిగా దహనం చేయాలని ఆదేశించింది. పాతిపెడితే భూగర్భజలం కలుషితమవుతుందన్నారు. ఖననం చేసినా ప్రమాదం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతకుముందే, అంటే 2020 మార్చిలోనే, మార్గదర్శకాలు ఇచ్చింది. మన మొదటి ప్రశ్నకు, అంటే 'రుజువు ఉందా?' అన్నదానికి, అక్కడ జవాబు లేదు.

ముస్లిం సోదరులకు దహనం మతవిరుద్ధం. వారి బాధ విన్నవారు తక్కువ. 2020 డిసెంబరులో 20 రోజుల పసికందును తల్లిదండ్రుల ఇష్టానికి వ్యతిరేకంగా దహనం చేశారు. ఆ వార్త విన్నవారు, మతభేదం లేకుండా, కొలంబోలోని ఆ దహనవాటిక గేటుకు తెల్లని గుడ్డపేలికలు కట్టి తమ దుఃఖాన్ని తెలిపారు. 2021 ఫిబ్రవరిలో గాని ఖననానికి అనుమతి రాలేదు. అప్పుడైనా మొదట ఇరణైతీవు అనే దీవిని చూపించారు. అది కథోలిక జాలరి కుటుంబాలు బతికే చోటు. తమను అడగకుండా చేశారని వారు నిరసన తెలిపారు. చివరకు తూర్పున మట్టకళప్పు జిల్లాలోని ఒడ్డమావడిలో స్థలం ఇచ్చారు. 2024 జూలైలో శ్రీలంక ప్రభుత్వం ఆ బలవంతపు దహనాలకు క్షమాపణ చెప్పింది. అప్పటికి 276 మంది ముస్లింల కుటుంబాలు తమవారి సమాధి మీద ఒక పువ్వు పెట్టుకునే వీలు లేకుండా మిగిలాయి.

అది శ్రీలంక సంగతి అని తప్పుకోవడానికి లేదు. 2020 ఏప్రిల్‌లోనే చెన్నైలో కోవిడ్‌తో చనిపోయిన ఒక క్రైస్తవ డాక్టరును పాతిపెట్టడానికి తీసుకువెళితే జనం అంబులెన్సు మీద దాడి చేశారు. తోటి డాక్టరు ఒకరు రాత్రివేళ తానే పార పట్టి పూడ్చవలసి వచ్చింది. అంతకు కొద్ది రోజుల ముందు నెల్లూరు నుండి వెళ్లిన ఒక డాక్టరు అక్కడే చనిపోతే దహనానికి కూడా అడ్డుపడ్డారు. ఒకచోట పాతవద్దన్నారు, ఒకచోట కాల్చవద్దన్నారు. దీన్నిబట్టి గొడవ మట్టిదీ కాదు, నిప్పుదీ కాదు. భయానిది. చనిపోయినవారిని సాగనంపడం మనకు కరుణా కార్యం. ఆ కార్యానికి అడ్డుపడినవారు శ్రీలంకలో అధికారులైతే, చెన్నైలో మనలాంటి ఇరుగుపొరుగువారే.

మన సొంత పొలిమేర

ఇక మన గడపకు వద్దాం. 2020 మార్చి 25న హైదరాబాదులో హాస్టళ్లు ఖాళీ చేయించగా సొంత ఊళ్లకు బయలుదేరిన ఆంధ్ర యువతీయువకులు గరికపాడు చెక్‌పోస్టు దగ్గర రోడ్డు మీద చిక్కుకున్నారు. పద్నాలుగు రోజులు వేరుగా ఉంటేనే రానిస్తామని ఆంధ్ర అధికారులు అన్నారు. మరుసటి ఏడు అదే దారి, కానీ పాత్రలు మారాయి. 2021 మే నెలలో ఊపిరాడని రోగులతో ఆంధ్ర నుండి హైదరాబాదు వెళుతున్న అంబులెన్సులను కర్నూలు దగ్గర పుల్లూరు టోల్‌గేటు వద్దా, కోదాడ వైపునా తెలంగాణ పోలీసులు ఆపారు. ఆసుపత్రిలో పడక ఖాయమైనట్టు ముందస్తు అనుమతి కావాలన్నారు. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసింది. కేరళ, కర్ణాటకల మధ్య తలపాడి దగ్గర 2020లో ఇటువంటిదే జరిగితే అక్కడా కోర్టు మెట్లు ఎక్కవలసి వచ్చింది.

చూశారా? ఒక ఏడు ఇటువారు మూశారు, మరో ఏడు అటువారు మూశారు. ఇద్దరి దగ్గరా ఏదో ఒక కారణం ఉంది. పడకలు చాలడం లేదన్నది అబద్ధం కాదు. కానీ ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉన్న మనిషిని రోడ్డు మీద ఆపి కాగితం అడగడం వివేకం అనిపించుకోదు. ఒకే భాష, ఒకే చుట్టరికాలు ఉన్న మనమే అలా చేశాం. ఇక దేశాలను ఏమని తప్పుపడతాం?

దివంగత పోపు ఫ్రాన్సిస్ గారు మహమ్మారి నడుమ, 2020 అక్టోబరు 3న, అస్సీసిలో 'ఫ్రతెల్లీ తూత్తి' అనే విశ్వలేఖ మీద సంతకం చేశారు. అందులో రెండవ అధ్యాయం మంచి సమరీయుని కథ మీద ధ్యానం. ఆ సమరీయుడు గాయపడినవాడిని చూసి ఏ ఊరివాడవని అడగలేదు. తన దారిన తాను పోనూ లేదు. అలాగని ఇల్లూ వాకిలీ వదిలి అక్కడే ఉండిపోనూ లేదు. సత్రంలో చేర్పించాడు, ఖర్చు కట్టాడు, మళ్లీ వస్తానన్నాడు. అంటే ఏర్పాటు చేసి వెళ్లాడు. మూసిన పొలిమేరకు అవతల మిగిలినవారికి మనం చేయగలిగిందీ అదే.

ఈసారి మన ఊరి రోడ్డుకు ముళ్లకంప వేయవలసి వస్తే వేద్దాం. కానీ కంప వేసే చేతులతోనే పక్కన ఒక చలువపందిరి, ఒక కుండ నీళ్లు, ఒక ఫోను నంబరు రాసిన పలక కూడా పెడదాం. ఆ పలక మీద ఎవరి పేరు ఉండాలో రోగం రాకముందే, మన విచారణలో కూర్చుని నిర్ణయించుకుందాం.

కుటుంబ చర్చకు ప్రశ్నలు

1. 2020, 2021లలో మన ఇంటి తలుపు ఎవరికి మూశాం? అప్పుడు మనం చెప్పిన కారణం ఏమిటి? ఆ కారణం నిజమేనా?

2. కోవిడ్‌తో చనిపోయినవారి అంత్యక్రియలకు మన వీధిలో ఎవరైనా వెళ్లలేకపోయారా? ఆ కుటుంబాన్ని ఈ వారం ఒకసారి పలకరించగలమా?

3. మన వీధిలో ఒంటరిగా ఉండే వృద్ధులు ఎందరు? తలుపులన్నీ మూసిన రోజున వారికి మందు తెచ్చేది ఎవరో ఇప్పుడే ఒక పేరు చెప్పండి.

4. మన నుండి సహాయం పొందినవారు తిరిగి మనల్ని ఆదుకున్న సందర్భం ఒకటి పిల్లలకు చెప్పండి.